కొండ కోర్సులో డిస్క్ ఎక్కడ ఆగుతుందో ముందు చూసుకోండి

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెప్పి మొదలుపెడతాను, తర్వాత చదివేవాళ్లకీ అర్థమవుతుంది. మీరు రెండేళ్లుగా చదునైన పార్కు కోర్సులో డిస్క్ గోల్ఫ్ ఆడుతున్నారు, అంటే టీ అనే మొదలుపెట్టే చోటు నుంచి డిస్క్ విసురుతూ వీలైనన్ని తక్కువ త్రోల్లో గొలుసుల బాస్కెట్‌లో వేసే ఆట; ఒక టీ నుంచి దాని బాస్కెట్ దాకా ఒక హోల్. కుడిచేతి బ్యాక్‌హ్యాండ్ (చేతిని ఒంటికి అడ్డంగా వెనక్కి తీసి విసరడం), డ్రైవర్‌తో (దూరానికి వాడే డిస్క్) 90 మీటర్ల దాకా వెళ్తుంది, ఫోర్‌హ్యాండ్ (అరచేయి ముందుకి ఉంచి పక్క నుంచి విసరడం) అంతంతమాత్రం. వచ్చే నెల మిత్రులతో కలిసి 2,400 మీటర్ల ఎత్తులో ఉన్న 18 హోల్స్ కోర్సుకి వెళ్తున్నారు. ఏ డిస్కులు పట్టుకెళ్లాలి, పల్లానికి విసిరితే డిస్క్ ఎందుకు అదుపు తప్పుతుంది, లోయ అంచున బాస్కెట్ ఉన్న ఏడో హోల్ ఎలా ఆడాలి అని అడిగారు. ఆ హోల్ 120 మీటర్లు, టీ నుంచి బాస్కెట్‌కి 15 మీటర్ల దిగుడు, బాస్కెట్ వెనక నాలుగైదు మీటర్లలో నేల తెగిపోతుంది అని రాశారు.

చాలా ఏళ్లుగా కొండ కోర్సులే ఎక్కువగా ఆడుతున్నాను, కొత్తవాళ్లను వెంటబెట్టుకుని తిప్పుతుంటాను కూడా. నేను చెప్పబోయేదంతా ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. పార్కులో డిస్క్ ఎక్కడ పడితే ఇంచుమించు అక్కడే ఉంటుంది. కొండ మీద పడిన చోటు వేరు, ఆగిన చోటు వేరు. ఆ రెండింటి మధ్య 5 మీటర్లు ఉండొచ్చు, 50 ఉండొచ్చు. స్కోరు పాడయ్యేది అక్కడే. కాబట్టి టీ మీద నిలబడగానే బాస్కెట్ వైపు చూడకండి. డిస్క్ ఆగడానికి వీలైన నేల ఎక్కడుందో వెతకండి. చిన్న గుంట, గడ్డి దట్టంగా పెరిగిన మెట్టు, ఎదురుగా లేచిన గట్టు, ఏదైనా సరే. ఆ చోటు దొరికాకే ఏ డిస్క్, ఏ కోణం, ఎంత బలం అన్న ఆలోచన.

ముందు గాలి సంగతి చెప్పాలి, ఎందుకంటే డిస్కుల ఎంపిక దాని మీదే ఆధారపడుతుంది. 2,400 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే సుమారు 21 శాతం తక్కువ. 1,500 మీటర్ల దగ్గరే 14 శాతం తగ్గిపోతుంది. ఎండ ముదిరిన మధ్యాహ్నం ఇంకాస్త పలచబడుతుంది. డిస్క్‌ని పైకి మోసే బలం, వెనక్కి లాగే బలం, పక్కకి వాల్చే బలం, ఈ మూడూ గాలి సాంద్రతని బట్టీ వేగం వర్గాన్ని (వేగం × వేగం) బట్టీ ఉంటాయి. లెక్క వేస్తే, అంత పలచని గాలిలో మీరు ఎప్పటి బలంతోనే విసిరినా డిస్క్ మీద గాలి పట్టు మాత్రం 11 శాతం నెమ్మదిగా విసిరినట్టే ఉంటుంది. నెమ్మదిగా విసిరిన డిస్క్ ఏం చేస్తుందో మీకు తెలిసిందే. కుడికి టర్న్ అవదు, అంటే వేగంగా ఉన్నప్పుడు వచ్చే కుడి వంపు రాదు; తొందరగా ఎడమకి ఫేడ్ అయి, అంటే వేగం తగ్గాక వచ్చే ఎడమ వంపు తిరిగి, దిగిపోతుంది. ఎత్తున ఆడేవాళ్లు ఇక్కడ డిస్కులన్నీ ఓవర్‌స్టేబుల్ అయిపోతాయి, అంటే ఎడమకే లాగుతాయి, అనేది ఇందుకే.

గాలి పలచగా ఉంటే దూరం పెరుగుతుందని చాలామంది ఆశపడతారు. గోల్ఫ్ బంతికి అది నిజమే. డిస్క్ మాత్రం గాలిని ఆనుకుని ప్రయాణించేది, ఆనుకోవడానికి గాలి తగ్గితే తొందరగా కిందికి వస్తుంది. మీ చేతి వేగానికి చదునైన హోల్స్‌లో దూరం పెరుగుతుందని లెక్క వేసుకోకండి.

డిస్క్ మీద ముద్రించే నాలుగు అంకెల్లో, అంటే వేగం, గ్లైడ్ (గాల్లో తేలే గుణం), టర్న్, ఫేడ్‌లలో, మీరు చూడాల్సింది మూడోది. టర్న్‌కి మైనస్ అంకె పెరిగితే డిస్క్ కుడికి ఎక్కువ వంగుతుంది. మీ పార్కులో టర్న్ −1 ఉన్న డిస్క్ ఎలా పోతుందో ఆ ఎత్తున −2 ఉన్నది దాదాపు అలా పోతుందనుకోండి. ఖచ్చితమైన లెక్క కాదు, కానీ సంచి సర్దుకోవడానికి చాలు. హైజర్ కోణంలో, అంటే ఎడమ అంచు కిందికి వాల్చి, వదిలితే లేచి చదునై తిన్నగా పోయే డిస్క్ మీ దగ్గర ఉండే ఉంటుంది. ఎత్తున అది పూర్తిగా లేవదు, హైజర్‌లోనే మిగిలిపోయి ఎడమ చెట్లలోకి పోతుంది. దాన్ని ఇంకాస్త చదునుగా వదలడమో, ఇంకా అండర్‌స్టేబుల్, అంటే కుడికి తేలిగ్గా టర్న్ అయ్యే, డిస్క్‌తో వేయడమో చేయాలి. మీరు పార్కులో వాడీ వాడీ మెత్తబడి ఎక్కువ టర్న్ అవుతోందని పక్కన పడేసిన పాత డిస్క్ ఉంటే దాన్ని తప్పకుండా తీసుకెళ్లండి. అక్కడ అదే మీకు నమ్మకంగా తిన్నగా పోయే డిస్క్ అవుతుంది.

బరువు కూడా ఆలోచించాలి. 175 గ్రాముల డ్రైవర్ బదులు 150 గ్రాములది పట్టుకుంటే బరువు 14 శాతం తగ్గుతుంది, పలచని గాలి దాన్ని కాస్త తేలిగ్గా మోస్తుంది. అలాగని అన్నీ తేలికవి కొనేయకండి. గాలి వీచే గట్టు మీద తేలిక డిస్క్ ఎటు కొట్టుకుపోతుందో చెప్పలేం. డ్రైవర్ ఒకటి తేలికది చాలు. మొత్తం మీద ఎనిమిది తొమ్మిది డిస్కులు మించకుండా చూసుకోండి. పుటర్లు (బాస్కెట్ దగ్గర వాడే నెమ్మది డిస్కులు) రెండు, మిడ్‌రేంజ్‌లు (మధ్య దూరానికి వాడేవి) మూడు, ఫెయిర్‌వే డ్రైవర్లు (కాస్త నెమ్మదైన డ్రైవర్లు) రెండు, బాగా ఓవర్‌స్టేబుల్ డిస్క్ ఒకటి, ఆ తేలిక డ్రైవర్. 12, 13 వేగం ఉన్న డిస్కులను ఇంట్లోనే వదిలేయమని చెబుతాను. అవి చదునుగా, వేగంగా వచ్చి నేలని తాకి ఎగిరిపోయే రకం, వాలు మీద మనకు అక్కర్లేనిది సరిగ్గా అదే. రంగు విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఎండిన పైన్ ఆకులు, రాళ్లు, ఎండుగడ్డి ఉన్న చోట ముదురు గులాబీ రంగుకి మించింది లేదు. ఆకుపచ్చ, గోధుమ, నలుపు, పారదర్శకమైనవి ఎంత ఇష్టమైనవైనా తీసుకెళ్లకండి.

ఇక అసలు విషయం, నేలని తాకడం. దీని గురించి చదునులో ఆడేవాళ్లకి ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన అవసరమూ రాదు.

కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌తో వదిలిన డిస్క్ పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలో తిరుగుతుంటుంది. అంటే దాని ఎడమ అంచు ముందుకి, కుడి అంచు వెనక్కి కదులుతుంటాయి. ఫేడ్ అయి ఎడమ అంచు కిందికి వాలి పడినప్పుడు, ముందుకి కదులుతున్న ఆ అంచుని నేల పట్టుకుంటుంది, రాపిడి డిస్క్‌ని వెనక్కి నెడుతుంది. అందుకే హైజర్‌లో దిగే డిస్క్ తొందరగా ఆగుతుంది. అదే కుడి అంచు మీద పడితే కథ మారిపోతుంది. వెనక్కి కదిలే అంచు నేల మీద పట్టు దొరకబుచ్చుకుని డిస్క్‌ని ముందుకి దొర్లిస్తుంది. రోలర్, అంటే నేల మీద దొర్లే షాట్, వేసేవాళ్లు కావాలని ఆన్‌హైజర్‌లో, అంటే కుడి అంచు కిందికి వాల్చి, వదిలేది అందుకే. ఫోర్‌హ్యాండ్‌లో ఇదంతా ఎడమకి కుడి, కుడికి ఎడమగా తారుమారు. కాబట్టి కొండ మీద మొదటి నియమం: డిస్క్ ఆన్‌హైజర్ కోణంలో నేలని తాకేలా ఏ షాటూ ఎంచుకోకండి. చెట్ల చుట్టూ కుడికి వంగాల్సిన హోల్ వస్తే బ్యాక్‌హ్యాండ్ ఆన్‌హైజర్ బదులు మీ అంతంతమాత్రం ఫోర్‌హ్యాండ్‌నే వాడండి. 40 మీటర్లే వెళ్లినా సరే, వెళ్లినచోట ఉంటుంది.

ఇప్పుడు నేలే వాలుగా ఉందనుకోండి. డిస్క్ దిగే కోణం, నేల వాలిన కోణం రెండూ కలిపి చూడాలి. ఎడమకి పల్లంగా ఉన్న వాలు మీద బ్యాక్‌హ్యాండ్ ఫేడ్ అయి దిగితే డిస్క్ దాదాపు నేలకి సమాంతరంగా తాకుతుంది. నెమ్మదిగా వచ్చి తాకితే రెండు మూడు మీటర్లు జారి ఆగుతుంది. వేగంగా వస్తే ఒక్క ఎగురు ఎగిరి పల్లంలోకి పోతుంది. ఎడమకి ఎత్తుగా ఉన్న వాలు మీద అదే ఫేడ్ వేరేలా ముగుస్తుంది. డిస్క్ అంచు ఎదురు నేలలోకి నిటారుగా గుచ్చుకుంటుంది. తడి మట్టి, మెత్తటి ఆకుల పొర ఉంటే అక్కడే దిగబడి నిలుస్తుంది. గట్టి నేల అయితే అంచు మీద నిలబడుతుంది, అర క్షణం ఎటూ తేల్చుకోనట్టు ఊగుతుంది, తర్వాత పల్లం వైపు తిరిగి దొర్లడం మొదలుపెడుతుంది. అలా మొదలైన డిస్క్‌ని చెట్టో రాయో అడ్డుపడితే తప్ప ఆపేది ఉండదు.

అందుకని మొదటి హోల్ దగ్గరే కాలి మడమతో నేలని గట్టిగా నొక్కి చూడండి. దిగబడితే నిటారుగా దించే షాట్లు, అంటే బాగా ఎత్తుగా వేసి హైజర్‌లో గుచ్చుకునేలా దించేవి, ఆ రోజు మీకు మేలు చేస్తాయి. దిగబడకపోతే వాటిని మర్చిపోండి. వాలుకి సమాంతరంగా, వీలైనంత నెమ్మదిగా దించండి, జారే రెండు మూడు మీటర్లు ముందే లెక్కలో వేసుకోండి. నెమ్మదిగా దించడమంటే బలం తగ్గించి డ్రైవర్ వేయడం కాదు. డ్రైవర్ బదులు మిడ్‌రేంజ్, మిడ్‌రేంజ్ బదులు పుటర్ వేయడం. మందపాటి అంచు ఉన్న పుటర్ గాల్లోనే వేగం పోగొట్టుకుని వస్తుంది.

చాలా కొండ కోర్సులు స్కీ రిసార్టుల్లో, మంచు కరిగిన వేసవి నెలల్లో నడుస్తాయి. మీరు వెళ్లేది కూడా అలాంటిదే అయితే ఫెయిర్‌వేకి (టీకీ బాస్కెట్‌కీ మధ్య ఆడే దారికి) అడ్డంగా కొంచెం ఏటవాలుగా వేసిన మట్టికట్టలు కనిపిస్తాయి. వాన నీరు, కరిగిన మంచు నీరు మట్టిని కోసుకుపోకుండా పక్కకి మళ్లించడానికి వేసినవి. పై నుంచి చూస్తే గీతల్లా ఉంటాయి కానీ దగ్గరికి వెళ్తే కట్టకి ఎగువన చిన్న కాలువ ఉంటుంది. జారే డిస్క్‌కి అది సహజమైన అడ్డం. ఫెయిర్‌వే మధ్యలో ఎక్కడ ఆపాలో తోచనప్పుడు నేను ఆ కట్టల్నే గురి చేసుకుంటాను.

పల్లానికి విసిరితే అదుపు ఎందుకు తప్పుతుందన్నది మీ రెండో ప్రశ్న. రెండు కారణాలు. ఒకటి, డిస్క్ గాల్లో ఎక్కువసేపు ఉంటుంది. చదునులో ఫేడ్ మొదలైన కాసేపటికే నేల వచ్చేస్తుంది కాబట్టి ఆ ఫేడ్ మనకి పూర్తిగా కనిపించదు. పల్లంలో నేల కిందికి తప్పుకుంటూ పోతుంది, ఫేడ్ సాగుతూనే ఉంటుంది. పార్కులో 5 మీటర్లు ఎడమకి పోయే డిస్క్ ఇక్కడ 15 మీటర్లు పోతుంది. పలచని గాలి దీన్ని ఇంకా ఎక్కువ చేస్తుంది. రెండో కారణం మన ఒంట్లోనే ఉంది. కిందికి విసరాలని తెలిసినా చేయి అలవాటుగా భూమికి సమాంతరంగానే పోతుంది, చివర్లో డిస్క్ ముక్కు, అంటే ముందు అంచు, కాస్త పైకి లేస్తుంది కూడా. లోయలోంచి పైకి వచ్చే గాలి ఆ లేచిన ముక్కు కింద దూరి డిస్క్‌ని ఎత్తి ఆపేస్తుంది, అక్కడి నుంచి అది ఎడమకి జారిపోతుంది. మందు ఏమిటంటే, భుజాల గీత వాలుతో కలవాలి. వెనక్కి తీసిన చేయి కొంచెం ఎత్తులో ఉండాలి, వదిలిన తర్వాత కొంచెం కిందుగా ముగియాలి. నడుము దగ్గర వంగండి, మణికట్టుతో ముక్కు దించే ప్రయత్నం చేయకండి. మణికట్టుతో దించితే కోణం కూడా మారిపోయి డిస్క్ ఆన్‌హైజర్‌లోకి పోతుంది.

దూరం అంచనాకి ఆటగాళ్లు వాడే ఒక మోటు లెక్క ఉంది. ఒక మీటరు దిగుడుకి మూడు మీటర్ల దూరం తీసేయడం, ఒక మీటరు ఎక్కుడికి మూడు మీటర్లు కలపడం. ఓ మాదిరి వాలుకి బాగానే పనిచేస్తుంది. మరీ నిటారుగా పడిపోయే చోట పనిచేయదు, ఎందుకంటే అక్కడ డిస్క్ వేగం అయిపోయాక ముందుకి పోవడం మాని కిందికి దిగడమే ఉంటుంది.

కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్‌లో డెలవియాగా అనే పాత కోర్సు ఉంది. దాని 27వ హోల్‌ని టాప్ ఆఫ్ ద వరల్డ్ అంటారు. గట్టు మీది టీ నుంచి కిందికి విసరాల్సిన హోల్. పల్లానికి డిస్క్ తేలుతూ పోవడం చూడటంలో ఉండే ఆనందం ఏ పార్కులోనూ దొరకదు, మీరు కూడా అలాంటి ఒక్క టీ దగ్గరైనా స్కోరు సంగతి పక్కనపెట్టి మనసుతీరా విసరండి. మిగతా చోట్ల మాత్రం చేయి కట్టేసుకోండి.

ఎక్కుడు హోల్స్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పైకి విసిరిన డిస్క్ తొందరగా వేగం కోల్పోయి ఫేడ్ అవుతుంది, అండర్‌స్టేబుల్ డిస్క్ వేయండి, ఒక త్రో ఎక్కువ పడుతుందని ముందే ఒప్పుకోండి. పైకి గురిచేసేటప్పుడు వెన్నుని వాలు వైపు వెనక్కి వాల్చండి, డిస్క్ ముక్కు మాత్రం వెళ్లే దారిని మించి పైకి లేవకూడదు. దాటి ఎక్కడికో పోతుందన్న భయం తక్కువ కాబట్టి ఇవి నిజానికి సురక్షితమైన హోల్స్, ఊపిరి ఆడకపోవడం ఒక్కటే బాధ.

గాలి వీచే వేళలు తెలుసుకుంటే సగం శ్రమ తగ్గుతుంది. పొద్దున సూర్యుడు వాలుని వేడి చేసేదాకా కొండ ప్రశాంతంగా ఉంటుంది. వేడెక్కిన కొద్దీ వాలుని ఆనుకున్న గాలి పైకి పాకడం మొదలవుతుంది, మధ్యాహ్నానికి లోయలోంచి గట్టు మీదికి బలంగా వీస్తుంది. సాయంత్రం చల్లబడ్డాక దిశ తిరగబడి కిందికి దిగుతుంది. అంటే ఎండ వేడెక్కాక పల్లానికి వేసే షాట్లు చాలావరకు ఎదురుగాలికే. ఎదురుగాలి డిస్క్‌ని ఎక్కువ టర్న్ చేయిస్తుంది, వెనక గాలి తొందరగా కిందికి దించి ఫేడ్ చేస్తుంది. చెట్ల మధ్య టీ దగ్గర మీకు గాలే తెలియకపోవచ్చు, డిస్క్ చెట్ల ఎత్తు దాటగానే దానికి తగులుతుంది. చేతిలో గడ్డి ఎగరేసి చూడటం చాలదు, దూరాన చెట్ల కొనలు చూడండి. గట్టు దాటి అవతలి వైపు దిగే హోల్స్‌లో గాలి గట్టు మీంచి దూకి కిందికి తోస్తుంది, అక్కడ డిస్క్ అనుకున్నదానికంటే చాలా ముందే పడిపోతుంది.

వేళ గురించి ఇంకో మాట, ఇది స్కోరు కంటే ముఖ్యమైనది. వేసవిలో ఎత్తైన కొండల మీద మధ్యాహ్నం దాటాక ఉరుములు మెరుపులు మామూలే. ఉరుము వినిపించిందంటే పిడుగు పడే దూరంలో మీరు ఉన్నట్టే. గట్టు మీదా, ఒంటరి చెట్టు కిందా, గొలుసులు వేలాడే ఆ లోహపు బాస్కెట్ పక్కనా నిలబడకండి. ఎన్నో హోల్‌లో ఉన్నా ఆట ఆపి కిందికి దిగండి. పొద్దున్నే మొదలుపెడితే గాలికీ పిడుగుకీ ఒకే జవాబు దొరుకుతుంది.

పుటింగ్‌కి, అంటే దగ్గర నుంచి బాస్కెట్‌లోకి వేయడానికి, వద్దాం. ఎడ్ హెడ్రిక్ 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో తొలి శాశ్వత కోర్సు వేసినప్పుడు గురి పెట్టుకునేది ఉత్త స్తంభాలకే. గొలుసుల బాస్కెట్‌కి ఆయనకి పేటెంట్ వచ్చింది 1977లో. డిస్క్‌ని పట్టుకుని నిలిపే ఆ గొలుసులే మనకి బలంగా పుట్ చేసే ధైర్యం ఇచ్చాయి. పార్కులో తప్పిన పుట్ వెనక రెండు మూడు మీటర్లలో పడుతుంది, మళ్లీ వేస్తాం. వాలు మీది బాస్కెట్ దగ్గర ఆ ధైర్యానికి ధర ఉంటుంది. ముఖ్యంగా బాస్కెట్ తొట్టి అంచుకి తగిలిన పుట్ డిస్క్‌ని నిలువునా నిలబెట్టి నేలకి అప్పగిస్తుంది. దొర్లుడుకి అంతకంటే మంచి ప్రారంభం లేదు.

అందుకని పుట్‌కి ముందు బాస్కెట్ చుట్టూ ఒకసారి నడవండి. ఇది తప్పితే ఎటు పోతుంది అని ప్రతి వైపు నుంచీ చూడండి. పోయేది మూడు మీటర్లే అయితే ధైర్యంగా వేయండి. లోయలోకి అయితే, 7 మీటర్లు దాటిన ఏ పుట్‌నైనా బాస్కెట్ కిందికి మెల్లగా చేర్చి తర్వాతి త్రోలో వేసుకోండి. 4 మీటర్లకి నేనెప్పుడూ నేరుగా వేస్తాను, అంత దగ్గరలో భయపడి చేయి ఆపితేనే అంచుకి తగులుతుంది. మధ్య దూరంలో మీ చేతిని మీరే అంచనా వేసుకోవాలి. కింది నుంచి పైకి వేసేటప్పుడు గొలుసుల పై భాగానికి గురిపెట్టండి, డిస్క్ దిగిపోతుంది, పలచని గాలిలో ఇంకా ముందే దిగిపోతుంది. పై నుంచి కిందికి వేసేటప్పుడు తేలి దాటిపోవడమే ప్రమాదం, గొలుసుల మధ్యకి కాస్త దిగువన చూడండి.

ఈ ఆటకి నియమాలు రాసే సంస్థ పీడీజీఏ. దాని నియమాల ప్రకారం బాస్కెట్‌కి 10 మీటర్ల లోపల వేసినప్పుడు డిస్క్ వదిలాక మార్కర్ (డిస్క్ ఆగిన చోటుకి గుర్తు) వెనకే నిలదొక్కుకుని, ఆ తర్వాతే ముందుకి కదలాలి. పల్లానికి పుట్ చేసేటప్పుడు ఒళ్లు తూలి అడుగు ముందుకి పడటం చాలా మామూలు. కాళ్లు రెండూ పక్కలకి చాపి నిలబడి గానీ, ఒక మోకాలు నేల మీద ఆనించి గానీ వేయండి, రెండూ నియమాలకి లోబడినవే. నిలబడాల్సిన చోటు మార్కర్ వెనక 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు. వాలు మీద ఆ చిన్న చోటులో రన్-అప్ తీసుకోబోతే కాలు జారుతుంది. ఫెయిర్‌వేలో నిలబడే విసరడం అలవాటు చేసుకోండి.

ఇప్పుడు మీ ఏడో హోల్. 120 మీటర్లు, 15 మీటర్ల దిగుడు. మోటు లెక్క ప్రకారం 45 తీసేస్తే 75 మీటర్ల షాట్ అయింది. మీ చేతికి డ్రైవర్ అక్కర్లేదు, మిడ్‌రేంజ్ చేరుతుంది. చేరుతుంది కాబట్టే జనం బాస్కెట్‌కే గురిపెడతారు, 5 మీటర్లు ఎక్కువైతే లోయ. నేనైతే బాస్కెట్‌కి ఇవతల 20 మీటర్ల దగ్గర ఆగే నేల వెతుకుతాను. టర్న్ ఎక్కువున్న మిడ్‌రేంజ్‌తో, దాని పూర్తి బలంలో ముప్పావు వంతు పెట్టి, మీ మామూలు గురికంటే 10 మీటర్లు కుడికి. రెండో త్రో పుటర్‌తో బాస్కెట్ కిందికి, మూడోది పుట్. పార్ (ఆ హోల్‌కి అనుకున్న త్రోల సంఖ్య) మూడు అయితే పార్ వచ్చింది. నేరుగా గురిపెట్టి బాగా పడితే రెండు వస్తుంది, నిజమే. లోయలోకి పోతే కింద నుంచి పైకి ఒకటి, పైన మళ్లీ దొర్లే భయంతో ఇంకొకటి, పుట్, అంటే నాలుగు కాదంటే అయిదు. లోయ అవుట్ ఆఫ్ బౌండ్స్ (ఆట హద్దుకి బయట) అయితే పెనాల్టీ త్రో అదనం. ఆ రెండు కోసం ఈ అయిదుని పణంగా పెట్టడం నాకు ఎప్పుడూ సమంజసంగా అనిపించలేదు. మొదటి రౌండ్‌లో మాత్రం అసలే వద్దు. రెండో రోజు మళ్లీ ఆడితే, ఆ నేల మీద డిస్క్ ఎంత జారుతుందో మీకు అప్పటికి తెలుస్తుంది, గాలి లేని పొద్దున అయితే వేసి చూడండి.

ఆ హోల్‌లో విసిరేముందు ఒకరిని కింద మలుపు దగ్గర నిలబెట్టండి. ఎక్కడ పడిందో కాదు, చివరిసారి ఎక్కడ కదిలిందో చూడమని చెప్పండి. వెతకడానికి నియమం ఇచ్చేది 3 నిమిషాలే, దొరక్కపోతే ఒక పెనాల్టీ త్రో. విసిరినవాళ్లు కూడా డిస్క్ మాయమైన దిశలో ఒక ప్రత్యేకమైన చెట్టుని గుర్తుపెట్టుకుని, దాని మీంచి కన్ను తీయకుండా నడవాలి. దొర్లిన డిస్క్ తిన్నగా పోదు, వాలిన వైపుకి వంపు తిరుగుతూ పోతుంది. అందుకని పడిన చోటు నుంచి నేరుగా కిందికి కాకుండా ఆ వంపు ఎటు తిరిగిందో అటు వెతకండి. చేరలేని చరియ మీద ఆగితే దాన్ని వదిలేయండి. ఆడటానికి వీల్లేని చోట ఆగినప్పుడు ఒక పెనాల్టీతో, బాస్కెట్‌కి దగ్గర కాకుండా అదే గీతలో వెనక్కి జరిగి వేయొచ్చు, లేదా పాత చోటుకే తిరిగి వెళ్లి వేయొచ్చు. డిస్క్ కోసం బండలు పట్టుకుని దిగినవాళ్లని చూశాను, చూసినప్పుడల్లా కోపం వచ్చింది.

నీళ్లు అనుకున్నదానికంటే ఎక్కువ తీసుకెళ్లండి. చీలమండని పట్టి ఉంచే బూట్లు వేసుకోండి. ఎక్కుడు ఎక్కి వచ్చిన వెంటనే పుట్ వేయకండి. త్రోకి 30 సెకన్ల గడువు మీ వంతు వచ్చి, మీరు డిస్క్ దగ్గరికి చేరుకునే సమయం ఇచ్చాకే మొదలవుతుంది. వెనకబడి నెమ్మదిగా నడిస్తే ఊపిరి దానంతట అదే సర్దుకుంటుంది. తలనొప్పి, వికారం మొదలైతే ఎత్తు పడలేదని అర్థం, తగ్గకపోతే ఆ రోజుకి కిందికి దిగిపోవాలి.

ఇంకా నెల రోజులుందన్నారు. బలం పెంచుకోవడానికి ఆ సమయం చాలదు కానీ ఈ రెండు పనులకి చాలు. ఫోర్‌హ్యాండ్‌ని నిలబడిన చోటు నుంచి 40 మీటర్లు, తిన్నగా, పదిలో ఏడు ఫెయిర్‌వేలో పడేదాకా వేయండి. తర్వాత దగ్గర్లో ఎక్కడైనా గడ్డి గట్టు చూసుకుని, దాని మీద ఒక సంచీ పెట్టి, పై నుంచీ కింది నుంచీ పక్కల నుంచీ పుట్‌లు వేయండి. తగిలిన వాటిని లెక్కపెట్టకండి. తప్పినవి ఎంత దూరం పోయి ఆగుతున్నాయో అడుగులేసి కొలవండి. ఏ వైపు నుంచి వేస్తే తప్పినా దగ్గర్లో ఉంటుందో నాలుగైదు సాయంత్రాల్లో మీ కళ్లకే తెలిసిపోతుంది. కోర్సులో రెండో త్రోని బాస్కెట్‌కి ఏ వైపు ఆపాలో అప్పుడు మీరే నిర్ణయించుకోగలరు.